పాత డ్రైవర్‌లో ఏ లైను మార్చాలి, ఏ లైను ముట్టుకోకూడదు

1990లలో వాడుకలో ఉన్న క్యూఐసీ-80 రకం బ్యాకప్ టేప్ డ్రైవ్‌లలో చాలావాటికి సొంత కంట్రోలర్ ఉండేది కాదు. ఖర్చు తగ్గించడానికి వాటిని కంప్యూటర్‌లో అప్పటికే ఉన్న ఫ్లాపీ కంట్రోలర్‌కే తగిలించేవారు. ఫ్లాపీ కేబుల్‌లో మాత్రం "టేప్ వెనక్కి తిప్పు" అని చెప్పడానికి వైరేదీ లేదు. ఉన్నదల్లా ఫ్లాపీ హెడ్‌ని ఒక్కో ట్రాక్ చొప్పున జరిపే స్టెప్ పల్స్. అందుకని ఆ పల్స్‌ల లెక్కనే ఆదేశంగా వాడుకున్నారు. ఇన్ని పల్స్‌లు వస్తే ఈ పని, అన్ని వస్తే ఆ పని. డ్రైవ్ జవాబివ్వడానికీ వేరే దారి లేదు. హెడ్ సున్నా ట్రాక్ మీద ఉందని చెప్పే ఒక్క వైరు మీదే, అడిగినప్పుడల్లా ఒక్కో బిట్ చొప్పున, తన స్థితిని చెప్పేది.

ఈ పనంతా లైనక్స్‌లో ఎఫ్‌టేప్ అనే డ్రైవర్, అంటే పరికరాన్ని నడిపే కోడ్, చేసేది. వాడేవాళ్లూ చూసుకునేవాళ్లూ లేక 2.6.20 వెర్షన్‌లో దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ నుంచి తీసేశారు. టేపులు మాత్రం అలమారాల్లో ఉండిపోయాయి. వాటి మీద ఉన్నది మరెక్కడా లేకపోతే, ఎవరో ఒకరు ఆ పాత కోడ్ తీసి ఇప్పటి కెర్నల్ మీద నడపాలనుకుంటారు. కంపైల్ చేయగానే తప్పులు వరసగా వచ్చిపడతాయి. ఆ తప్పులన్నీ సరిచేస్తే పని అయిపోయిందనుకోవడం ఈ రంగంలో అందరూ ఒక్కసారైనా చేసే పొరపాటు. నా దృష్టిలో అసలు పని కంపైల్ అయ్యాకే మొదలవుతుంది.

డ్రైవర్‌ని రెండు గుమ్మాలున్న ఇల్లనుకోండి. ఒక గుమ్మం కెర్నల్ వైపు తెరుచుకుంటుంది. మెమరీ అడగడం, లాక్ తీసుకోవడం, టైమర్ పెట్టడం, ప్రోగ్రాములకు జవాబివ్వడం అటువైపు జరిగే పనులు. ఇంకో గుమ్మం హార్డ్‌వేర్ వైపు ఉంటుంది. పరికరంలోని చిన్న నిల్వ గడి అయిన ఏ రిజిస్టర్‌లో ఏం రాయాలి, రాశాక ఎంతసేపు ఆగాలి, ఏ బిట్ వస్తే ఏమని అర్థం అనే సంగతులు అటువైపువి. ముప్పై ఏళ్లలో కెర్నల్ గుర్తుపట్టలేనంత మారిపోయింది. ఆ టేప్ డ్రైవ్ మాత్రం ఒక్క ట్రాన్సిస్టర్ కూడా మారలేదు. కాబట్టి కెర్నల్ వైపు కోడ్ ధైర్యంగా మార్చాలి, హార్డ్‌వేర్ వైపు కోడ్‌ని కారణం లేకుండా ముట్టుకోకూడదు. చెప్పడానికి ఇంత తేలికైన నియమమే. చిక్కంతా ఏ లైను ఏ వైపుదో తేల్చుకోవడంలో ఉంది.

ముందు కెర్నల్ వైపు ఎందుకంత మారుతుందో చూద్దాం. లైనక్స్‌లో ప్రోగ్రాములకు ఇచ్చిన మాట వేరు, డ్రైవర్లకు ఇచ్చిన మాట వేరు. ప్రోగ్రాములు కెర్నల్‌ని పని అడగడానికి వాడుకునే సిస్టమ్ కాల్స్‌ని చెడగొట్టకూడదన్నది లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ మొదటినుంచీ గట్టిగా పట్టుకున్న నియమం. కెర్నల్ లోపలి ఫంక్షన్లకు మాత్రం అలాంటి హామీ ఏదీ లేదు. కెర్నల్ డెవలపర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ రాసిన ఒక పత్రం ఈ సంగతిని కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనే తేటగా చెబుతుంది. లోపలి ఫంక్షన్ ఒకటి మార్చాల్సి వస్తే, దాన్ని మార్చినవాళ్లే కెర్నల్‌లో ఉన్న డ్రైవర్లన్నిటిలోనూ సరిచేస్తారు. ఇలాంటి మార్పులు వందల ఫైళ్లలో ఒకేసారి చేయడానికి జూలియా లావాల్ బృందం తయారుచేసిన కాక్సినెల్ లాంటి పరికరాలు ఉన్నాయి. కెర్నల్‌లో ఉన్న డ్రైవర్‌కి ఈ సేవ ఉచితంగా అందుతుంది. బయట ఉండిపోయిన డ్రైవర్‌కి, తీసేసిన డ్రైవర్‌కి ఆ బాకీ ఏళ్ల తరబడి పేరుకుపోతుంది.

విండోస్ ఇందుకు వేరే దారి పట్టింది. కంపెనీలు బైనరీగా ఇచ్చే డ్రైవర్లు నడవాలి కాబట్టి డ్రైవర్ మోడల్‌ని ఏళ్లపాటు నిలిపి ఉంచుతుంది, మార్చినప్పుడు ఒక్కసారిగా మారుస్తుంది. 2007లో విస్టా జనంలోకి వచ్చినప్పుడు డిస్‌ప్లే డ్రైవర్ల పద్ధతి మారింది, ఆడియో విధానం మారింది, 64 బిట్ వెర్షన్‌లో సంతకం లేని కెర్నల్ డ్రైవర్లు లోడ్ కాకుండా పోయాయి. తయారీదారు కొత్త డ్రైవర్ ఇవ్వని పరికరం బాగానే పనిచేస్తున్నా పక్కన పెట్టాల్సి వచ్చింది. సోర్స్ కోడ్ చేతిలో ఉండటం విలువ అలాంటప్పుడే తెలుస్తుంది.

ఇక పాత కోడ్‌లోకి వెళదాం. అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది లాకింగ్, అంటే ఒకే డేటాని ఇద్దరు ఒకేసారి ముట్టుకోకుండా కాపాడటం. ఇంట్లో కంప్యూటర్లకు ఒకే ప్రాసెసర్ ఉన్న రోజుల్లో డ్రైవర్ రాసేవాళ్లకు 'సీఎల్ఐ' అనే ఒక్క ఆదేశం చాలేది. దాంతో ఇంటరప్ట్‌లు, అంటే హార్డ్‌వేర్ ప్రాసెసర్‌ని పిలిచే సంకేతాలు, ఆగిపోతాయి. ఇంటరప్ట్ రాకపోతే మనల్ని మధ్యలో ఆపేవాళ్లు లేరు, పని నిశ్చింతగా చేసుకుని మళ్లీ తెరవొచ్చు. 1996లో 2.0 వెర్షన్‌తో బహుళ ప్రాసెసర్లకు మద్దతు వచ్చినప్పుడు, పాత కోడ్ చెడిపోకుండా కెర్నల్ మొత్తానికి ఒకే పెద్ద లాక్ పెట్టారు. బిగ్ కెర్నల్ లాక్ అన్నది దాని పేరు. ఇంటరప్ట్‌లను ప్రాసెసర్లన్నిటి మీదా ఒకేసారి ఆపే పాత పద్ధతిని 2002లో 2.5 అభివృద్ధి దశలోనే తీసేశారు. పెద్ద లాక్‌ని పూర్తిగా తొలగించడానికి మాత్రం 2011లో వచ్చిన 2.6.39 దాకా పట్టింది. కెర్నల్ డెవలపర్ ఆర్ండ్ బెర్గ్‌మాన్ చివరి దశలో దాన్ని డ్రైవర్ తర్వాత డ్రైవర్‌గా ఊడబీకారు.

సీఎల్ఐ ఉన్న చోటల్లా స్పిన్‌లాక్, అంటే దొరికేదాకా ప్రాసెసర్ అక్కడే తిరుగుతూ ఎదురుచూసే లాక్, పెడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. ఎందుకో ఒక్క ఉదాహరణ చాలు. పాత డ్రైవర్లలో ఈ వరస తరచుగా కనిపిస్తుంది. ఇంటరప్ట్‌లు ఆపు, హార్డ్‌వేర్ పని పూర్తయిందేమో చూడు, కాకపోతే 'స్లీప్_ఆన్' పిలిచి నిద్రపో, లేచాక ఇంటరప్ట్‌లు తెరువు. ఇంటరప్ట్‌లు ఆపేసి నిద్రపోతే లేపేదెవరు? అక్కడే కిటుకు ఉంది. మనం నిద్రపోగానే కెర్నల్ ఇంకో ప్రాసెస్‌కి మారుతుంది, ఆ ప్రాసెస్‌కి ఇంటరప్ట్‌లు తెరిచే ఉంటాయి, ఆ ఇంటరప్టే వచ్చి మనల్ని లేపుతుంది. చూడటానికీ నిద్రపోవడానికీ మధ్య ఇంటరప్ట్ దూరే సందు లేదు. ఒకే ప్రాసెసర్ ఉన్నంతవరకు ఇది సరైన కోడే, నిజానికి తెలివైన కోడ్.

ఇప్పుడు సీఎల్ఐ తీసి దాని చోట స్పిన్‌లాక్ పెట్టండి. లాక్ చేతిలో పట్టుకునే నిద్రపోతున్నాం. ఇంకో ప్రాసెసర్ మీద ఇంటరప్ట్ వచ్చి అదే లాక్ కోసం అక్కడే తిరుగుతూ ఉంటుంది, మిషన్ బిగుసుకుపోతుంది. పోనీ నిద్రకు ముందు లాక్ వదిలేద్దామంటే, వదలడానికీ నిద్రపోవడానికీ మధ్య ఇంటరప్ట్ వచ్చి వెళ్లిపోవచ్చు. లేపాల్సిన పిలుపు మనం పడుకోకముందే అయిపోయింది. ఇక ఎప్పటికీ లేవం. ఈ ప్రమాదం వల్లే స్లీప్_ఆన్ కుటుంబాన్ని 2014లో 3.15 నుంచి మొత్తంగా తీసేశారు. ఇప్పుడు వాడే 'వెయిట్_ఈవెంట్' ముందు తన పేరు నిద్రపోయేవాళ్ల వరసలో రాయించుకుని, ఆ తర్వాతే షరతు చూస్తుంది. మధ్యలో పిలుపొచ్చినా పోదు. అంటే ఇక్కడ ఒక లైనుకు బదులు ఇంకో లైను రాయడం కుదరదు. రాసినవారు దేన్ని దేని నుంచి కాపాడాలనుకున్నారో అర్థం చేసుకుని, ఆ ఉద్దేశాన్ని కొత్త పద్ధతిలో మళ్లీ రాయాలి. లాకింగ్‌ని వెతుకు-మార్చు పద్ధతిలో సరిచేసిన ప్యాచ్, అంటే కోడ్ మార్పు, కనిపిస్తే నేనైతే నమ్మను.

టైమర్లు దీనికన్నా సులువు, అయినా ఒక మెలిక ఉంది. పాత టైమర్‌లో ఎప్పుడు మోగాలి, ఏ ఫంక్షన్ పిలవాలి, దానికి ఏ విలువ ఇవ్వాలి అనే మూడు సంగతులు ఉండేవి. ఫంక్షన్ అడ్రస్, దానికిచ్చే విలువ రెండూ ఒకే చోట ఉండటంతో, మెమరీలో హద్దు దాటి రాయగలిగిన దాడిదారుకు తనకు నచ్చిన ఫంక్షన్‌ని నచ్చిన విలువతో పిలిపించే వీలుండేది. కెర్నల్ భద్రత మీద పనిచేసే కీస్ కుక్ నడిపించిన మార్పుతో, 2018 జనవరిలో విడుదలైన 4.15 నాటికి 'టైమర్_సెటప్' ఒక్కటే మిగిలింది. ఇప్పుడు ఫంక్షన్‌కి టైమర్ అడ్రస్ మాత్రమే అందుతుంది. ఆ టైమర్ ఏ స్ట్రక్చర్‌లో కూర్చుని ఉందో లెక్కగట్టి మిగతా సమాచారం తెచ్చుకోవాలి. పాత డ్రైవర్లలో కొన్ని ఆ విలువ చోట పాయింటర్‌కి బదులు డ్రైవ్ నంబరో, ఇంకో చిన్న అంకెనో పెట్టుకునేవి. గ్లోబల్ వేరియబుల్స్‌తో నడిచేవాటిలో టైమర్‌కి చుట్టూ స్ట్రక్చరే ఉండదు. ముందు ఆ స్ట్రక్చర్ తయారుచేసుకోవాలి. ఎలాగూ చేయాల్సిన పనే కాబట్టి దీన్ని భారంగా అనుకోనక్కరలేదు.

అన్నిటికన్నా మోసం చేసేవి రెండు గుమ్మాలకూ మధ్యలో నిలబడ్డ లైన్లు. "జిఫీస్ + 5" అన్న చిన్న ముక్క తీసుకోండి. జిఫీస్ అంటే కెర్నల్ గడియారం టిక్కులు. 2.4 కెర్నల్‌లో పీసీల మీద సెకనుకు 100 టిక్కులు, అంటే 5 టిక్కులు 50 మిల్లీసెకన్లు. 2.6తో సెకనుకు 1000 టిక్కులయ్యాయి, ఆ తర్వాత 2.6.13లో మామూలు సెట్టింగ్ 250 అయింది. కోడ్‌లో అక్షరం మారలేదు, ఇప్పుడూ తప్పు లేకుండా కంపైల్ అవుతుంది, హెచ్చరిక కూడా రాదు. ఆగే సమయం మాత్రం 50 నుంచి 5 మిల్లీసెకన్లకో, 20కో పడిపోయింది. టేప్ డ్రైవ్ మోటార్‌కి ఆ సంగతి తెలియదు. దానికి కావలసిన 50 అలాగే ఉంది. ఇలాంటి ప్రతి అంకెనూ పట్టుకుని, అది రాసిన నాటి కెర్నల్‌లో ఎన్ని మిల్లీసెకన్లో లెక్కగట్టి, ఆ కాలాన్ని స్పష్టంగా రాయాలి. పాత కోడ్‌లో నేను మొదట వెతికేది ఇవే.

ప్రాసెసర్ ప్రమేయం లేకుండా పరికరం నేరుగా మెమరీతో డేటా మార్చుకునే డీఎంఏ కూడా ఇదే జాతి. ఫ్లాపీ కంట్రోలర్ వాడే పాత డీఎంఏ చిప్‌కి 24 బిట్ల అడ్రస్ మాత్రమే అందుతుంది, అంటే మెమరీలో మొదటి 16 మెగాబైట్లు. పైగా ఆ చిప్ అడ్రస్‌లో కింది 16 బిట్లనే పెంచుకుంటూ పోతుంది. పై బిట్లు వేరే రిజిస్టర్‌లో కదలకుండా ఉంటాయి. అందుకని బఫర్ 64 కిలోబైట్ల గీతను దాటకూడదు. దాటితే డేటా ముందుకు పోవాల్సింది వెనక్కి తిరిగొచ్చి వేరే ఎవరి మెమరీ మీదో పడుతుంది. పాత కోడ్ మెమరీ అడ్రస్‌ని 'వర్ట్_టు_బస్'తో నేరుగా మార్చి చిప్‌కి ఇచ్చేది. ఆ ఫంక్షన్ ఇప్పుడు లేదు. మెమరీ అడ్రస్, పరికరానికి కనిపించే అడ్రస్ ఒక్కటే కానక్కరలేదని పరికరాలు వాడే అడ్రస్‌లను అనువదించే ఐఓఎంఎంయూలు వచ్చాక తేలిపోయింది. బదులుగా 24 బిట్ల మాస్క్ పెట్టి 'డీఎంఏ_అలాక్_కొహెరెంట్' అడగాలి. క్యూఐసీ-80లో ఒక సెగ్మెంట్ 32 సెక్టార్లు, 29 డేటాకి, 3 తప్పులు దిద్దుకోవడానికి, మొత్తం 32 కిలోబైట్లు. ఈ కొత్త ఫంక్షన్ ఇచ్చే మెమరీ దాని పరిమాణానికి తగ్గ గీత మీదే మొదలవుతుందని కెర్నల్ పత్రాలు హామీ ఇస్తాయి. కాబట్టి 32 కిలోబైట్ల బఫర్ 64 గీతను దాటే ప్రశ్నే రాదు. కెర్నల్ వైపు ఫంక్షన్ పూర్తిగా మారింది, హార్డ్‌వేర్ వైపు షరతు చెక్కుచెదరలేదు. పాత డ్రైవర్‌ని సరిచేయడమంటే ఇదీ.

'డెవ్ఎం' అనే మొదటి ముక్కతో ఉండే ఫంక్షన్ల గురించి ఒక మాట. 2007 నుంచి ఉన్న ఈ ఏర్పాటులో డ్రైవర్ తీసుకున్న వనరులను కెర్నలే గుర్తుపెట్టుకుని, చివర్లో తీసుకున్న వరసకు తిరగేసి వదిలేస్తుంది. కోడ్ ఎంతో శుభ్రపడుతుంది. సగం మాత్రమే మారిస్తే మాత్రం ప్రమాదం. ఇంటరప్ట్‌ని డెవ్ఎంకి అప్పగించి, బఫర్‌ని మాత్రం పాతపద్ధతిలో రిమూవ్ ఫంక్షన్‌లో మనమే వదిలితే, బఫర్ ముందు పోతుంది, ఇంటరప్ట్ తర్వాత పోతుంది. ఆ సందులో ఇంటరప్ట్ వస్తే వదిలేసిన మెమరీని ముట్టుకుంటుంది. మారిస్తే అన్నీ మార్చాలి, లేకపోతే అలాగే వదలాలి.

ఇప్పుడు రెండో గుమ్మం. హార్డ్‌వేర్ వైపు కోడ్‌లో వింతలు కనిపిస్తాయి. ఒకే రిజిస్టర్‌ని రెండుసార్లు చదివి మొదటి విలువ పారేస్తారు. రాసిన వెంటనే అవసరం లేని చోట చదువుతారు. 12 మైక్రోసెకన్లు ఆగమంటారు, 10 ఎందుకు కాదో చెప్పరు. చదివి పారేయడం వెనుక చాలాసార్లు గట్టి కారణమే ఉంటుంది. పీసీఐ బస్ మీద రాసిన విలువ దారిలో బఫర్‌లో ఆగి ఉండొచ్చు, తిరిగి చదివితేనే అది పరికరం దాకా చేరిందని నమ్మకం. మరికొన్నిటి వెనుక చిప్‌లోనే ఉన్న లోపం ఉంటుంది. ఆ లోపం ఏ పత్రంలోనూ రాసి ఉండకపోవచ్చు. ఎవరో రాత్రులు కూర్చుని కనిపెట్టిన సంగతికి ఆ ఒక్క లైనే ఏకైక రికార్డు.

ఎవరు ఎందుకు రాశారో, కోడ్ మార్పులను నమోదు చేసే గిట్ చరిత్రలో చూద్దామంటే అదీ ఒక చోట ఆగిపోతుంది. కెర్నల్ గిట్ 2005 ఏప్రిల్‌లో 2.6.12-ఆర్‌సీ2తో మొదలైంది, అంతకుముందు చరిత్రని అందులోకి తేలేదు. దానికి ముందున్న ప్రతి లైనూ ఆ ఒక్క కమిట్, అంటే నమోదైన మార్పు, పేరు మీదే కనిపిస్తుంది. పాత మార్పుల చిట్టాలు, ఫైలు మొదట్లో రాసిపెట్టిన గమనికలు, చిప్ డేటాషీట్‌లు తిరగేయాల్సిందే. ఆ ఫైలు మొదట్లో ఉన్న పాత గమనికలను "చిందరవందర" అని తీసేసే ప్యాచ్‌లు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

హార్డ్‌వేర్ వైపు తప్పక మార్చాల్సినవీ ఉన్నాయి. ఖాళీ లూప్ తిప్పి కాలం గడపడం అలాంటిది. ప్రాసెసర్ వేగం పెరిగితే లూప్ ముందే అయిపోతుంది. విండోస్ 95 ఇదే దెబ్బ తింది. లూప్‌కి ఎంత సమయం పడుతుందో కొలిచే కోడ్, 350 మెగాహెర్ట్జ్ ఏఎమ్‌డీ కే6-2 లాంటి వేగవంతమైన ప్రాసెసర్ల మీద సున్నా సమయం అని తేల్చి, ఆ సున్నాతో భాగించి, బూట్ అవుతూనే కూలిపోయేది. అలాగే మామూలు పాయింటర్‌తో పరికరం మెమరీలో రాసే కోడ్. ఎక్స్86 ప్రాసెసర్లు రాతల వరసను చాలావరకు కాపాడతాయి కాబట్టి అది నడిచిపోయేది. ఆర్మ్ ప్రాసెసర్ల మీద ఆ వరస నిలవదు. 'రైట్ఎల్' లాంటి ఫంక్షన్లతో రాస్తే ఎక్కడైనా నిలుస్తుంది.

అసలు టెన్షన్ పరీక్ష దగ్గర మొదలవుతుంది. పరికరం చేతిలో ఉంటే సరే. లేకపోతే చాలామంది హార్డ్‌వేర్‌ని అనుకరించే క్యూఎము లాంటి ఎమ్యులేటర్ మీద నడిపి చూస్తారు. చేయాల్సిందే, కానీ ఎమ్యులేటర్ డేటాషీట్‌లో ఉన్నట్టు నడుచుకుంటుంది, దాని మోటార్ తిరగడానికి సమయం తీసుకోదు, దాని హెడ్ అరిగిపోదు. 50 మిల్లీసెకన్లు 5 అయిన తప్పు అక్కడ కనిపించదు. కంపైల్ చేసి మాత్రమే చూశామని ప్యాచ్‌లో నిజాయితీగా రాసేవాళ్లంటే నాకు గౌరవం. చదివేవాళ్లు ఎంత జాగ్రత్తగా చూడాలో ఆ ఒక్క మాట చెబుతుంది.

తప్పు జరిగితే రీబూట్ చేసుకోవచ్చులే అనుకోవడానికీ లేదు. 2008లో 2.6.27 విడుదలకు ముందు పరీక్ష వెర్షన్లలో ఇంటెల్ ఈ1000ఈ నెట్‌వర్క్ కార్డుల లోపలి శాశ్వత మెమరీ చెరిగిపోయి కార్డులు పనికిరాకుండా పోయాయి. అందరూ మొదట డ్రైవర్‌నే అనుమానించారు. చివరికి తేలిందేమిటంటే, ఎఫ్‌ట్రేస్ అనే ట్రేసింగ్ ఏర్పాటు అప్పటికే వదిలేసిన కోడ్ అడ్రస్‌లను గుర్తుపెట్టుకుని అక్కడ రాస్తోంది. ఆ అడ్రస్‌లలోకి ఈలోగా కార్డు శాశ్వత మెమరీ వచ్చి కూర్చుంది. కెర్నల్‌లో ఒక మూల జరిగిన పొరపాటు ఇంకో మూల హార్డ్‌వేర్‌ని చంపింది. ఒకటే మిగిలి ఉన్న పరికరం మీద మొదటి ప్రయత్నం చేయబోయేవాళ్లు ఈ కథ గుర్తుపెట్టుకోవాలి. టేప్ విషయంలో నేనైతే రాసే కోడ్ మొత్తం ఆపేసి, చదవడం ఒక్కటే ఉంచి మొదలుపెడతాను. అది కూడా పోయినా పరవాలేదనుకునే టేప్‌తో.

ఇంత శ్రమ ప్రతి డ్రైవర్‌కీ తగునా అంటే, కాదు. పాత ఐడీఈ డిస్కుల డ్రైవర్లను 2021లో 5.14 నుంచి తీసేశారు. అవే డిస్కులను లిబ్ఏటీఏ అనే కొత్త డ్రైవర్ల వ్యవస్థ అప్పటికే ఏళ్లుగా నడుపుతోంది కాబట్టి అది సరైన నిర్ణయం. ఫ్లాపీ డ్రైవర్‌ది వేరే పరిస్థితి. 2019లో చూసుకునేవాళ్లు లేరని టోర్వాల్డ్స్ దాన్ని అనాథగా గుర్తించారు, పనిచేసే అసలు ఫ్లాపీలు దొరకడమే కష్టమన్నారు. అయినా వర్చువల్ మిషన్లు ఫ్లాపీని ఇంకా అనుకరిస్తూనే ఉన్నాయి కాబట్టి కోడ్ ఉంచారు, తర్వాత మరొకరు బాధ్యత తీసుకున్నారు. ఎవరూ వాడని కోడ్ ఊరికే పడి ఉండదు. 2015లో వెనమ్ పేరుతో బయటపడ్డ లోపం క్యూఎము అనుకరించే ఫ్లాపీ కంట్రోలర్‌లోనిదే. ఫ్లాపీ ముఖం చూడని సర్వర్లకు కూడా ఆ దారిన ముప్పు వచ్చింది. చూసుకునే మనిషి లేకపోతే, పరీక్షించే పరికరం లేకపోతే, డ్రైవర్‌ని తీసేయడమే మంచిది. గిట్‌లో అది ఎక్కడికీ పోదు.

ఉంచాలని నిర్ణయించుకుంటే పని వరస కూడా ముఖ్యమే. మొదటి ప్యాచ్‌లలో కంపైల్ అవడానికి కావలసినవి మాత్రమే ఉండాలి, ఒక్కో ప్యాచ్‌లో ఒక్కో రకం మార్పు. ఖాళీలు, పేర్లు సరిదిద్దడం అందులో కలపకూడదు. కలిపితే రేపు ఏదైనా చెడినప్పుడు ఏ మార్పుతో చెడిందో సగం సగం చేసి వెతికే గిట్ బైసెక్ట్‌తో తప్పు పట్టుకోవడం నరకమవుతుంది. ప్రోగ్రాములు డ్రైవర్‌కి ఆదేశాలివ్వడానికి వాడే ఐఓసీటీఎల్ నంబర్లు, తప్పులకు ఇచ్చే కోడ్‌లు ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి, పాత బ్యాకప్ ప్రోగ్రాములు వాటినే నమ్ముకుని ఉంటాయి. 32 బిట్ రోజుల్లో రాసిన స్ట్రక్చర్లలో లాంగ్ 4 బైట్లు, 64 బిట్ కెర్నల్‌లో 8 బైట్లు. పాత ప్రోగ్రాము అలాగే నడవాలంటే ఆ తేడాకు విడిగా అనువాదం రాయాలి. ఏఐ భాషా నమూనాలు కెర్నల్ వైపు మార్పులను ఇప్పుడు బాగానే చేసిపెడతాయి, ఎందుకంటే అలాంటి మార్పులు కెర్నల్ చరిత్రలో వేలకొద్దీ ఉన్నాయి. రెండోసారి చదివిన రిజిస్టర్ ఎందుకు ఉందో మాత్రం వాటికీ తెలిసే వీలు లేదు, అనవసరమని ఎంతో నమ్మకంగా తీసేయగలవు. ఆ వైపు మార్పులను ఒక్కొక్కటిగా మనిషి కళ్లతో చూడాలి.

అన్నీ అయ్యాక మాడ్యూల్ లోడ్ చేసి, డ్రైవ్‌కి మొట్టమొదట పంపాల్సింది స్థితి అడిగే ఆదేశం. దాంతో టేప్ కదలదు. లెక్క ప్రకారం పల్స్‌లు వెళతాయి, సున్నా ట్రాక్ వైరు మీద బిట్లు ఒక్కొక్కటిగా వస్తాయి. అవి డేటాషీట్‌తో సరిపోతే, ఏ డ్రైవ్ మోడల్ మీద, ఏ కెర్నల్ వెర్షన్‌తో, ఎంత ఆలస్యంతో పనిచేసిందో కమిట్ సందేశంలో రాయండి. మీరు మార్చకుండా వదిలేసిన వింత లైన్ల పక్కన కూడా, ఎందుకు వదిలేశారో ఒక వాక్యం రాయండి.